క్రీడాభ్రష్టుని గతి

భగవద్గీత ఆరవ అధ్యాయమున, ధ్యానయోగమును గూర్చి శ్రీకృష్ణుడు సావకాశముగా బోధించిన పిమ్మట, అర్జునుడొక సందేహమును వెలిబుచ్చును. శ్రద్ధతో సాధన కారంభించి, సిద్ధి చేతికందకమునుపే మనస్సు చలించి, నడిత్రోవలో నిలిచిపోయినవాని గతి యేమి? అటు స్వర్గమునకును ఇటు మోక్షమునకును కాక, గాలికి చెదరిన మబ్బుతునుకవలె వాడు రూపుమాసిపోవునా? గీతలో అర్జునుడు వేసిన ప్రశ్నలన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇదియే. తక్కిన ప్రశ్నలు గెలువగోరువాని ప్రశ్నలు, తెలిసికొనగోరువాని ప్రశ్నలు. ఇది మాత్రము ఓడినవాని పక్షమున నిలిచి యడిగినది. విలువిద్యకై బాల్యమునంతయు ధారపోసినవాడు గనుకనే అర్జునుడు దీనిని అడుగగలిగినాడేమో. సాధన యెంత దీర్ఘమో, దాని సూత్రమెంత సన్ననిదో వానికి పుస్తకము చెప్పవలసిన పని లేదు.

ఈ సందేహమును యోగులకు విడిచిపెట్టి ఆటగాండ్రకు అన్వయించి చూచినచో, అది మరింత పదునెక్కును. యోగి మనస్సు జారుటవలన భ్రష్టుడగును. అందు వాని తప్పు కొంత యున్నదని యైనను అనవచ్చును. ఆటగానికి మనస్సు నిశ్చలముగనే యుండును, శ్రద్ధ చెక్కుచెదరదు. ఒక కీలు తప్పును, ఒక ఊపిరితిత్తి చెడును, అంతటితో ఆట ముగియును. వానిని ఏమని పిలువవలెను? శాస్త్రము వానికి పేరు పెట్టలేదు గనుక, క్రీడాభ్రష్టుడని నేనే పేరు పెట్టుకొంటిని.

ఆస్ట్రేలియా దేశమున ఒక ఆట కలదు. దానిని వారు ఫుట్‌బాల్ అనియే పిలుచుకొందురు గాని, అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. 1859లో మెల్‌బోర్న్ నగరమున నియమములు వ్రాసికొని, క్రికెట్ మైదానములయందే ఆడుచు పెంచుకొన్న ఆట యది. మైదానము అండాకారము, బంతియు అండాకారమే, పక్షమునకు పదునెనమండుగురు, బంతిని కాలితో తన్నవచ్చును, పిడికిట గుద్ది తోటివానికి అందింపవచ్చును, విసరరాదు, ఒక్కొక్కపుడు ఎదిరిపక్షమువాని భుజములపై మోకాలూని పైకెగసి గాలిలో బంతిని ఒడిసిపట్టుట దాని శోభ. ఇరుకొనల నాలుగేసి స్తంభములుండును. నడిమి రెండింటి నడుమ తన్నినచో గోలు. అందుకు ఆరు పాయింట్లు. గురి తప్పి పక్కసందులోనుండి బంతి పోయినచో, దానిని బిహైండ్ అని పిలిచి, అందుకును ఒక పాయింటు ఇత్తురు.

తప్పిన గురికి కూడ లెక్క వ్రాయు ఆటను నేను మరియొకదానిని ఎరుగను. ఈ మార్గమున వేసిన అడుగు ఏదియు వృథాపోదని గీత రెండవ అధ్యాయమున కృష్ణుడిచ్చిన అభయమునకు వ్యాఖ్యాతలు ఎన్నో ఉపపత్తులు చూపిరి గాని, 1966లో మెల్‌బోర్న్‌లో జరిగిన ఆ ఆట లీగు ఆఖరి పందెమును చూచియుండినచో వారికి ఆ శ్రమ తప్పియుండెడిది. సెయింట్ కిల్డా, కాలింగ్‌వుడ్ జట్లు రెండును ఆనాడు సరిగా పదేసి గోల్స్ కొట్టినవి. సెయింట్ కిల్డాకు బిహైండ్లు 14, కాలింగ్‌వుడ్‌కు 13. గెలుపును నిర్ణయించినది గురికి తగిలిన దెబ్బ కాదు, తగులక పక్కకు పోయిన దెబ్బ. సెయింట్ కిల్డా ఆ లీగున గెలిచిన ఛాంపియన్‌షిప్ నేటివరకు అదియొక్కటే.

ఈ ఆటతో పొట్టపోసికొనువాని జీవితము పదునెనిమిదవ యేట మొదలగును. 1986 నుండి అక్కడ డ్రాఫ్ట్ అను పద్ధతి నడచుచున్నది. కుర్రవాడు క్లబ్బును ఎన్నుకొనడు, క్లబ్బులే వంతులవారీగా కుర్రవాండ్రను ఎన్నుకొనును; వెనుకటి యేట అట్టడుగున నిలిచినదానిది సాధారణముగ తొలి వంతు. ఏ పట్టణమునకు పోవలెనో, ఎవరి రంగుల బనియను తొడుగవలెనో, పేరు పిలుచువరకు వానికి తెలియదు. ప్రారబ్ధమన్న భావమును ఎరుగని సమాజము తన సౌకర్యము కొరకు దానిని మరల కనిపెట్టినట్లున్నది. అటుపిమ్మట, దేహము నిలిచినచో, ముప్పదియేండ్లు దాటిన కొలదికాలము వరకు ఆట సాగును. అంతదాక నిలుచువారు కొందరే. మన ధర్మశాస్త్రకారులు, తల నెరసి, చర్మము ముడుతలుపడి, మనుమని ముఖము చూచినపిమ్మట గృహస్థు అడవికి పోవలెనని విధించిరి. ఆటగానికి తల నెరయదు, కొడుకింకను పలకబలపము పట్టియుండడు, అప్పుడే వానప్రస్థము వచ్చి తలుపు తట్టును. ముందు ఇంకను అర్ధశతాబ్దము ఆయువు మిగిలియుండగా వృత్తి తీరిపోయినవాని ఆశ్రమమేదో ఏ స్మృతియు చెప్పలేదు.

జాన్ కోల్‌మన్ అనువాడు 1949లో ఎసెండన్ క్లబ్బు పక్షమున బరిలోనికి దిగి, తొలి పందెముననే పండ్రెండు గోల్స్ కొట్టెను. వానిని చూచుటకే జనము తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చెడివారు. 98 పందెములలో 537 గోల్స్. 1954 జూన్‌లో మోకాలి కీలు తప్పెను. అప్పటికి వానికి ఇరువదియైదేండ్లు. రెండేండ్ల పిమ్మట మరల ఆడుటకు ప్రయత్నించెను గాని మోకాలు ఒప్పుకొనలేదు. హోటలు నడుపుకొనెను, శిక్షకుడై అదే క్లబ్బును 1962లోను 1965లోను విజేతగా నిలిపెను, 1973లో నలుబదినాలుగేండ్లకే కన్నుమూసెను. నేడు ఆ లీగులో ఏటేట అందరికంటె ఎక్కువ గోల్స్ కొట్టినవానికి ఇచ్చు పతకము పేరు కోల్‌మన్ పతకము.

ఆడినన్నాళ్లు ఆడి, గౌరవముగ దిగిపోయినవానికి సైతము కర్మఫలము ఎపుడు పండునో చెప్పలేము. గ్రాహం ఫార్మర్ ఆ ఆటకు తలమానికమువంటివాడు. 2019లో ఎనుబదినాలుగవ యేట మరణించెను. అటుపిమ్మట మెదడును పరీక్షించినపుడు, పలుమారులు తలకు తగిలిన దెబ్బలవలన మెదడు క్షీణించు వ్యాధి బయటపడెను. ఆ లీగు ఆటగాండ్రలో ఈ వ్యాధి ఉన్నదని తేలిన తొలివాడు ఆయనయే. విడిచిన బాణము దాని వేగము తీరువరకు పోకతప్పదని వేదాంతులు ప్రారబ్ధమును గూర్చి చెప్పుదురు. ఆ బాణము అరువదియేండ్లు గాలిలో పయనించునని చెప్పినవారు లేరు.

ఇక మనవాని సంగతి. 1956లో అదే మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. తమ ఆటను లోకమునకు చూపవలెనని ఆస్ట్రేలియావారు మెల్‌బోర్న్ క్రికెట్ మైదానమున ఒక ప్రదర్శన పందెము ఏర్పాటుచేసిరి. ఆ మైదానముననే, ఆ క్రీడలయందే, భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియాతో సెమీఫైనల్ ఆడెను. హంగేరీ రాకపోవుటచే తొలి మెట్టు ఆడకయే దాటి, రెండవ మెట్టున ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి వచ్చిన జట్టది. శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు, వృత్తిచే బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో ఇరువదియేండ్ల తులసీదాస్ బలరాం ఉండెను. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో, తమిళ కుటుంబమున, 1936లో పుట్టినవాడు. యుగోస్లావియా చేతిలో 4-1తోను, కంచుపతకమునకై ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తోను ఓడి భారతము నాలుగవ స్థానమున నిలిచెను. నాలుగవ స్థానమునకు పతకము లేదు. ఒలింపిక్కులలో బిహైండ్ అను లెక్క లేకపోవుట ఎంత లోటో నాకు అప్పుడప్పుడు అనిపించుచుండును.

బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బున ఆడెను, 1961లో దానికి నాయకుడయ్యెను. 1960 రోమ్ ఒలింపిక్కులలో హంగేరీ పైనను పెరూ పైనను గోల్స్ కొట్టెను. 1962లో జకార్తాలో భారతము ఆసియా క్రీడల స్వర్ణము గెలిచినపుడు ఆ జట్టులో నుండెను. ఆ యేడే అర్జున పురస్కారము వచ్చెను. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లను త్రిమూర్తుల పేర్లవలె కలిపి పలికెడివారు. మరుసటి యేడు, 1963లో, ఊపిరితిత్తులకు జబ్బుచేసి ఆట నిలిచెను. వయస్సు ఇరువదియేడు. ఆ యేటనే జూన్‌లో రహీం సాహెబు క్యాన్సరుతో గతించెను. గురువు దేహమును, శిష్యుని ఆటయు ఒక్క యేటనే ముగిసినవి. కాని గురువునకు దానితో అన్నియు ముగిసినవి, శిష్యునకు ఇంకను ఏబదితొమ్మిదేండ్ల జీవితము మిగిలెను. బలరాం 2023 ఫిబ్రవరిలో, ఎనుబదియారవ యేట, కలకత్తాలో మరణించెను.

అర్జునునకు కృష్ణుడిచ్చిన సమాధానము ఎంతయో సాంత్వనకరమైనది. మంచి చేసినవాడు ఎన్నడును చెడిపోడు. అట్టివాడు పుణ్యలోకములలో చిరకాలముండి, శుచియు సంపదయు గల యింటనో, యోగుల కులముననో మరల పుట్టి, పూర్వజన్మపు బుద్ధిని మరల పొంది, ఆగినచోటినుండి సాధనను కొనసాగించును. మొదటినుండి మొదలిడుట కాదు, ఆగినచోటినుండి. ఈ యొక్క మాట ఎందరి దుఃఖమునకు ఊరటయైనదో! అయినను బలరామునివంటివానికి ఇది చాలునా? వాని ప్రశ్న వచ్చు జన్మను గూర్చినది కాదు. ఈ జన్మలోనే మిగిలిపోయిన ఏబదితొమ్మిదేండ్లను గూర్చినది.

ఆ సమాధానమునకు మిగిలిన భాగము నాకు గద్వాల కోటలో దొరికినది. పెద్ద సోమభూపాలుడు కట్టించిన ఆ కోటలో చెన్నకేశవుని గుడి యున్నది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాల యున్నది. ఒకనాటి సాయంకాలము అక్కడ పిల్లలు చెడుగుడు ఆడుచుండిరి. సున్నము దొరకక కాబోలు, బొగ్గుముక్కతో గీత గీసికొనిరి. పట్టుబడినవాడు చచ్చినట్లు లెక్క. గీత వెలుపల చతికిలబడి కూర్చుండును. వాని పక్షమువాడు ఎదుటివానిని ఔటుచేసి వచ్చినచో, చచ్చినవారిలో ఒకడు బతికి లోపలికి వచ్చును. ఒక బక్కపలుచని కుర్రవాడు, మోచేయి గీరుకొనిపోయి నెత్తురు చిమ్ముచున్నను తుడుచుకొనక, "అన్నా, నేనే ముందుగాల సచ్చిన, నన్నే ముందు బతికియ్యాలె" అని పెద్దవానితో వాదులాడుచుండెను. పెద్దవాడు వ్రేళ్లపై లెక్కించి, వానిమాట నిజమేనని, వానినే లోపలికి పిలిచెను.

చచ్చినవాడు తన తపస్సుచే బతుకడు. వాడు చేయగలిగినది గీత వెలుపల కూర్చుండుట మాత్రమే. బతికించువాడు ఇంకను ఆడుచున్నవాడు. యోగభ్రష్టుడు మరల ఏ యింట పుట్టునో కృష్ణుడు చెప్పెను. ఆ యింటివారు ముందుగనే అక్కడ యోగము చేయుచుండవలెనన్న సంగతి ఆ మాటలోనే ఇమిడియున్నది. ఎవరును ఆడకయున్నచో ఆగిన ఆట ఎక్కడ కొనసాగును?

ఈ నియమము ఈ సీమకు కొత్త కాదు. తెలంగాణమున కవులే లేరని ఒకరు వ్రాసినపుడు, గద్వాల సంస్థానపు పల్లెలలో పుట్టిపెరిగిన సురవరం ప్రతాపరెడ్డి కోపముతో ఊరకుండక, ఊరూరికి జాబులు వ్రాసి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. అందు 354 మంది కవులు. వారిలో అనేకులు అప్పటికి గీత వెలుపల కూర్చున్నవారే. అనంతరము 1952లో ఆయన వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను గాని, ఆయన చేసిన పనులలో ఎన్నదగినది ఆ 354 మందిని లోపలికి పిలుచుటయే యని నా అభిప్రాయము. వనపర్తి సంస్థానమున కొంతకాలము కొలువుచేసిన మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవమును అచ్చువేయించువరకు, నన్నెచోడుడను కవి ఉండెనని తెలిసినవారే అరుదు. చచ్చి ఏడెనిమిది శతాబ్దములైన పిదప ఒక కవి బతికెను.

ఇక్కడ వేదాంతియొకడు అడ్డుపడగలడు. "నాయనా, ఫలమునందు ఆసక్తి వలదని గీత చెప్పలేదా? ఆడుట వాని ధర్మము; ఆడినాడు; పేరు నిలిచిన నేమి, నిలువకున్న నేమి?" ఈ వాదమును నేను తేలికగా తీసివేయను. దానిలో సత్యమున్నది. అయితే ఆటగానికి అది యథాతథముగ అతుకదు. గోలు మీద కోరిక లేక ఆడినవాడు ఆటను వంచించినవాడు, ఎదుటివానిని అవమానించినవాడు. ఈల మ్రోగువరకు ఫలమును ప్రాణమువలె కోరవలెను, ఈల మ్రోగగనే విడువవలెను. ఇది సన్న్యాసముకంటె కష్టమైన పని, ఏలయన సన్న్యాసి ఒక్కమారు విడిచి ఊరకుండవచ్చును, వీడు ప్రతి ఆదివారమును కోరి, ప్రతి ఆదివారమును విడువవలెను. ఈల మ్రోగకమునుపే బరినుండి మోసికొనిపోబడినవాడు ఎప్పుడు విడువవలెను? వానికి ఈల వినబడనే లేదు గదా.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఫలమును కోరవలదన్న మాటను కృష్ణుడు కర్తతో చెప్పెను. ఫలమును ఈయవలసినవానితో చెప్పలేదు. అర్జునుని రథముపై అర్జునుని చెవిలో పడిన మాటను దొంగిలించి, బాకీపడినవాడు తన సాకుగా వాడుకొనుట మన దేశమున అనాదిగా జరుగుచున్న అధర్మము. కూలివానికి, పంతులమ్మకు, కిన్నెర వాయించువానికి, ఆటగానికి నిష్కామకర్మను బోధించుటకు ముందుకు వచ్చువారు తరచుగా వారికి ఏదో ఈయవలసినవారే యగుట నేను చూచితిని. విద్వద్గద్వాలయని పేరు మోసిన ఈ సంస్థానమున కార్తీక మాఘ మాసములలో పండితసభలు జరిగెడివి. దూరదూరములనుండి వచ్చిన విద్వాంసులకు వార్షికములు ముట్టెడివి. వారిలో నిజముగ నిష్కాములైనవారు, అద్వైతమును బోధించుటయే గాక బ్రదికినవారు, ఉండియుందురు. అయినను, "స్వామీ, మీరు ఫలాపేక్ష లేనివారు గదా, ఈ యేడు వార్షికము లేదు" అని ఏ ప్రభువైనను పలికియుండినచో సభ నవ్వియుండును. 1949లో జాగీర్ల రద్దుతో ఆ కొలువు తీరినది; నాటితో ఎందరు పండితులు నడిత్రోవలో నిలిచిపోయిరో. పండితుని వైరాగ్యము పండితునిది. వార్షికము ప్రభువు బాధ్యత. రెండును వేరువేరు ఖాతాలు.

కావున బలరాం తన చివరి యేండ్లలో, తనకు పద్మ పురస్కారము రాలేదన్న బాధను దాచుకొనక బహిరంగముగ చెప్పినపుడు, అది ఫలాసక్తియని పెదవి విరిచినవారితో నేను ఏకీభవింపలేను. కోల్‌మన్‌కు అట్లు అడుగవలసిన పని తప్పినది; వాని పేర పతకము పెట్టి, ఆ దేశమువారు ఏటేట వానిని ఒకమారు బరిలోనికి పిలుచుచున్నారు. దానిచే వాని మోకాలు అతుకలేదు, నలుబదినాలుగేండ్ల ఆయువు పెరుగలేదు. పేరు బతికినంత మాత్రమున మనిషి బతికినట్లు కాదన్న సంగతిని కాదనను. కాని బాకీ మాత్రము తీరినది. మనయందును తీర్చునపుడు తీర్చుచునే యున్నారు. నాగర్‌కర్నూలు జిల్లా వాడైన పండ్రెండుమెట్ల కిన్నెర దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినది. ఊరూర తిరిగి కథలు పాడి పొట్టపోసికొన్న కళాకారుని ఢిల్లీ పిలిచినది.

త్రిమూర్తులని పిలిపించుకొన్న ఆ ముగ్గురిలో చునీ గోస్వామికి 1983లో పద్మశ్రీ లభించెను, పి.కె. బెనర్జీకి 1990లో లభించెను. వారిద్దరి యోగ్యతను శంకించువాడు మూర్ఖుడు. బలరాం ఇంకను ముప్పదిమూడేండ్లు గీత వెలుపల కూర్చుండెను. ముందు చచ్చినవానిని ముందు బతికింపవలెనన్న నియమము గద్వాల కోటలోని పిల్లలకు కంఠస్థము. ఢిల్లీలో పట్టికలు వ్రాయువారికి వ్రేళ్లపై లెక్కించు అన్నయ్య ఎవడును ఉన్నట్లు కానరాదు.